అడగక్కర్లేకుండా: థాయిలాండ్ పండుగలో ఒక వికలాంగ స్త్రీ ప్రయాణం

(మహిళా కార్యకర్తల ప్రాంతీయ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి మనం భూమి హక్కు గురించి, గృహహింస చట్టం అమలు గురించి, పనిచేసే చోట లైంగిక వేధింపుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఇప్పుడు నేను ఒక విహారయాత్ర గురించి మాట్లాడబోతున్నాను. ఇంత బరువైన విషయాల మధ్య ఇదేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. వికలాంగ స్త్రీ ఇల్లు కదిలిందంటే ఆసుపత్రికో, ఉద్యోగానికో, మొక్కు తీర్చుకోవడానికో అయి ఉండాలని మన సమాజం నమ్ముతుంది. చూడటం కోసం, తిరగడం కోసం, కొత్త రుచి తినడం కోసం ఆమె బయల్దేరితే 'ఈ కాలుతో ఇప్పుడంత అవసరమా?' అన్న ప్రశ్న ఎదురొస్తుంది. ఆ ప్రశ్న ప్రేమతోనే వస్తుంది. అందుకే దానికి జవాబు చెప్పడం మరీ కష్టం.

వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో 30వ అధికరణం ఉంది. సాంస్కృతిక జీవితం, వినోదం, విశ్రాంతి, పర్యాటకం కూడా హక్కులేనని అది చెబుతుంది. ఆ ఒడంబడికని మన దేశం 2007 అక్టోబర్‌లోనూ, థాయిలాండ్ 2008 జులైలోనూ ధ్రువీకరించాయి. కాబట్టి విహారయాత్ర గురించి మాట్లాడటం కూడా హక్కుల గురించి మాట్లాడటమే.

ముందుగా నా శరీరం గురించి రెండు మాటలు. చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల నా ఎడమ కాలికి బలం లేదు. కాలిపర్ వేసుకుని, ఊతకర్ర సాయంతో నడుస్తాను. ఎక్కువ దూరమైతే వీల్‌చైర్ వాడతాను. ఇది అందరికీ కనిపించేది. కనిపించనిది ఇంకొకటుంది. రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు నా ఒంటికి పడవు. పడవంటే నచ్చవని కాదు, తింటే గొంతు వాచి ఊపిరాడదు. పుట్టిందేమో గోదావరి జిల్లాలో, రొయ్యల చెరువుల మధ్య. పెళ్ళి భోజనాల్లో 'ఒక్క ముక్క తింటే ఏమవుతుందే, అన్నీ వేషాలు కాకపోతే' అనే పెద్దమ్మల మధ్య పెరిగాను. కోడికూర తింటాను, చేపల పులుసు ఇష్టంగా తింటాను. నా తిండి నియమానికీ మడికీ ఏ సంబంధమూ లేదు. మన దేశంలో ఎవరు ఏం తింటారన్నది కులం ప్రస్తావన లేకుండా మాట్లాడుకోలేని విషయం కనుక ఈ సంగతి ముందే చెబుతున్నాను.

2024 అక్టోబర్ మొదటి వారంలో బాంకాక్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో సమావేశానికి వెళ్ళాను. అది ముగిశాక నా స్నేహితురాలితో కలిసి ఫుకెట్ ద్వీపానికి వెళ్ళి 12వ తేదీ దాకా ఉన్నాను. అనుకోకుండా అవి అక్కడ పండుగ రోజులు. చైనా పంచాంగం ప్రకారం తొమ్మిదో నెల మొదటి రోజు నుంచి తొమ్మిదో రోజు దాకా మాంసం మానేసి జరుపుకునే పండుగ అది. అక్కడివాళ్ళు 'కిన్ జే' అంటారు. కిన్ అంటే తినడం, జే అంటే ఆ నియమంతో వండిన తిండి. 2024లో అది అక్టోబర్ 3 నుంచి 11 దాకా జరిగింది. మన ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి కూడా ఆ ఏడు అక్టోబర్ 3నే వచ్చింది. అంటే ఇక్కడ మన ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్న రోజుల్లోనే, దేవీ నవరాత్రుల్లోనే, అక్కడ ఆ తొమ్మిది రోజులూ నడుస్తున్నాయి. బాంకాక్‌లో సీలోమ్ రోడ్డు దగ్గర తమిళులు కట్టుకున్న మారియమ్మన్ గుడి ఉంది. అక్కడ నవరాత్రి ఉత్సవాలూ అవే రోజుల్లో.

ఈ పండుగ ఫుకెట్‌లో పెద్ద ఎత్తున జరుగుతుంది. 1825 ప్రాంతంలో కథూ అనే తగరపు గనుల ఊరికి చైనా నుంచి ఒక నాటక బృందం వచ్చిందనీ, అందరూ జబ్బు పడితే మాంసం మాని తొమ్మిది దేవతల్ని కొలిచారనీ, కోలుకున్నారనీ స్థానికులు చెప్పుకునే కథ. జే తిండిలో మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. వెల్లుల్లి, ఉల్లి జాతి ఘాటు దినుసులు కూడా ఉండవు. థాయి భాషలో మామూలు శాకాహారానికి వేరే మాట ఉంది. 'మంగ్‌సవిరత్' అంటారు. చెవికి కొత్తగా ఉన్నా అది మన 'మాంస విరతి'యే. మంగ్‌సవిరత్ తిండిలో గుడ్డు ఉండొచ్చు. జే నియమం దానికంటే గట్టిది.

ఆ తిండి ఎక్కడ దొరుకుతుందో చెప్పేది ఒక జెండా. పసుపు రంగు గుడ్డ మీదో, కాగితం మీదో ఎర్రటి అక్షరాలతో 'జే' అని రాసి ఉంటుంది. తోపుడు బండికి, హోటల్ గుమ్మానికి, పెద్ద దుకాణాల అరలకి, బిస్కెట్ పొట్లాలకి కూడా ఆ గుర్తే. జెండా కనిపిస్తే ఆగొచ్చు, కనిపించకపోతే ముందుకు పోవచ్చు. భాష రాకపోయినా ఫర్వాలేదు.

ఇది నాకెంత పెద్ద విషయమో చెప్పాలంటే థాయి వంట గురించి కొంచెం చెప్పాలి. అక్కడ చాలా కూరల్లో వాడే మసాలా ముద్దలో 'కపి' అనే రొయ్యల ముద్ద ఉంటుంది. పచ్చి బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు దంచి వేస్తారు. వట్టి ఆకుకూర వేపుడు కదా అనుకుంటే అందులో ఆల్చిప్పల సాస్ ఉంటుంది. 'కూరగాయలేనా?' అని అడిగితే 'అవును, కూరగాయలే' అని నిజాయితీగానే చెబుతారు. సాస్ వాళ్ళ లెక్కలోకి రాదు. ఇలాంటి చోట్లకి వెళ్ళేటప్పుడు నేను మందులతోబాటు, అక్కడి భాషలో రాయించిన ఒక అట్టముక్క కూడా సంచీలో పెట్టుకుంటాను. నాకు రొయ్య పడదు, సాస్ రూపంలో కూడా వద్దు, తింటే ప్రాణాపాయం అని దాని మీద ఉంటుంది. థాయిలో 'పడదు' అనడానికి 'ఫే' అంటారు. ఓడిపోవడానికీ అదే మాట. 'ఫే కుంగ్' అంటే రొయ్య పడదని అర్థం. రొయ్య చేతిలో ఓడిపోయానని కూడా అర్థం చెప్పుకోవచ్చు. ఆ అట్టముక్క తీసిన ప్రతిసారీ నేను ఓటమిని ప్రకటించుకుంటున్నట్టే ఉంటుంది. వెనక వరసలో జనం నిలబడి ఉంటారు, వంటామె గరిటె పట్టుకుని నా మొహంలోకీ అట్టలోకీ చూస్తుంది, పక్కనున్నవాళ్ళు జాలిపడతారు. ఒక్క పూట భోజనం కోసం నా ఆరోగ్య చరిత్ర మొత్తం వీధిలో విప్పి పరచాలి.

పండుగ తొమ్మిది రోజులూ ఆ అట్టముక్క దాదాపుగా బయటికి తీయలేదు. ఆల్చిప్పలు జేలో చెల్లుతాయా లేదా అన్నది అక్కడ తెగని చర్చ. కొందరు చెల్లుతాయంటారు. అందుకని ఆ ఒక్క మాట మాత్రం అడిగేదాన్ని. మిగతాదంతా జెండాయే చెప్పేసింది. జే వంటకి గిన్నెలూ కత్తులూ వేరుగా పెట్టుకోవాలన్నది నియమం. వాళ్ళు భక్తి కోసం పెట్టుకున్న నియమం నా ఊపిరికి పనికొచ్చింది. బాంకాక్ చైనా బజారు యావరాత్‌లో ఒక బండి మీద కొంజాక్ దుంప పిండితో చేసిన రొయ్యలు అమ్ముతున్నారు. గులాబీ చారలతో సహా అచ్చం రొయ్యలే. నలభై దాటిన వయసులో, గోదావరి జిల్లా మనిషిని, మొదటిసారి రొయ్య తిన్నాను. నిజం చెప్పాలంటే రబ్బరు నమిలినట్టుంది. అయినా రెండోసారి కూడా కొనుక్కున్నాను.

నన్ను ఆలోచనలో పడేసింది రుచి కాదు. జెండా ఉన్న చోట నన్నెవరూ 'ఎందుకు?' అని అడగలేదు. భక్తితో తింటున్నావా, మొక్కుందా, జబ్బుందా, ఊరికే తింటున్నావా అని ఎవరికీ పట్టలేదు. పక్క బల్ల మీద తెల్లబట్టలు కట్టుకుని నిష్ఠగా తొమ్మిది రోజులు పాటిస్తున్న ముసలామె ఉంది. ఈ ఒక్క పూట సరదాగా వచ్చిన కాలేజీ పిల్లలున్నారు. వాళ్ళ మధ్య నేనున్నాను. నా అవసరం నా ఒక్కదానిదైతే అది లోపం. పదిమందిదీ అయి, గుమ్మానికి జెండాగా ఎక్కితే అది మామూలు విషయం. నా గొంతు మారలేదు, దాని స్వభావం మారలేదు. చుట్టూ ఉన్న ఏర్పాటు మారింది. వైకల్యం శరీరంలో మాత్రమే లేదు, సమాజం చేసే ఏర్పాట్లలో ఉందని వికలాంగుల ఉద్యమాలు 1970ల నుంచి చెబుతున్న మాట ఇదే. తరగతి గదిలో ఎన్నోసార్లు పాఠంగా చెప్పిన ఈ మాట ఆ తొమ్మిది రోజులూ నాకు కంచంలో కనిపించింది.

ఇక నా కాలి సంగతి. నా కాలికి ఏ జెండా లేదు.

బాంకాక్ ఫుట్‌పాత్‌లు మన నగరాల ఫుట్‌పాత్‌లకి అక్కాచెల్లెళ్ళు. ఎత్తుపల్లాలు, స్తంభాలు, బండ్లు, పలకలు లేచిన గుంతలు. ఇక్కడ 'ఎందుకు?' అన్న ప్రశ్న వెంటబడి వచ్చేది. టాక్సీ డ్రైవరు, పళ్ళమ్మే ఆమె, లిఫ్ట్‌లో పక్కనున్న పెద్దాయన, అందరూ కాలికి ఏమైందని అడిగేవాళ్ళు. మన దగ్గరా అంతే కదా. చెప్పాక ఎంతో దయగా చేయి అందించేవాళ్ళు. థాయి సమాజంలో సాయం చేయడం పుణ్యకార్యం. పుణ్యాన్ని వాళ్ళు 'బున్' అంటారు. పాళీ భాషలోని 'పుఞ్ఞ' నుంచి వచ్చిన మాట. వికలాంగులకి అక్కడ వాడే మాట 'ఫికాన్'. దాని మూలం 'వికార'. వికారం మాకు, పుణ్యం మీకు. రెండు మాటలూ మన ఇంటి నుంచి వెళ్ళినవే. ఇప్పుడు మనకి 'దివ్యాంగులు' అనే మాట కూడా ఇచ్చారు. నేను వికలాంగ అనే మాటే వాడతాను. దివ్యత్వం మెట్లెక్కించదు కదా.

పుణ్యంతో వచ్చే చిక్కేమిటంటే అది ఇచ్చేవాళ్ళ చేతిలో ఉంటుంది. ఫుకెట్‌లో మేం దిగిన హోటల్ సంగతి చెబుతాను. పేరు అనవసరం. గది బుక్ చేసేటప్పుడే నా పరిస్థితి రాసి, మెట్లున్నాయా అని అడిగాం. 'ఏ ఇబ్బందీ ఉండదు' అని జవాబు వచ్చింది. వెళ్ళి చూస్తే గుమ్మం ముందు ఐదు మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ కూడా లేదు. ఇబ్బంది ఉండదంటే అర్థం ఏమిటంటే, ఇద్దరు కుర్రాళ్ళు పరుగున వచ్చి, నన్నొక్క మాట అడక్కుండా, చెరోవైపు నా చంకల కింద చేతులు వేసి ఎత్తబోయారు. ఆగమన్నాను. ఒకరిని ఊతకర్ర పట్టుకోమని, ఇంకొకరిని భుజం ఇమ్మని చెప్పి ఒక్కో మెట్టూ ఎక్కాను. వాళ్ళ మనసు మంచిదే, నాకు అనుమానం లేదు. కానీ నా ఒంటి మీద చేయి వేసే ముందు నన్నడగాలని వాళ్ళకి తట్టలేదు. స్త్రీ శరీరం మీద స్త్రీదే అధికారం అని మనం ఎన్నేళ్ళుగానో నినాదాలిస్తున్నాం. వికలాంగ స్త్రీ దగ్గరికి వచ్చేసరికి ఆ నినాదం 'సాయం' అన్న మాట ముందు ఆగిపోతుంది. ఆ వారం రోజులూ హోటళ్ళలో అందరూ నా స్నేహితురాలినే అడిగేవారు: 'ఆమె ఏం తింటుంది? ఆమెకి కాఫీలో చక్కెర వేయాలా?' నేను ఎదురుగానే ఉన్నాను, మాట్లాడుతూనే ఉన్నాను.

ఇలాంటి పుణ్యం వద్దు, హక్కు కావాలని పోరాడినవాళ్ళు ఆ దేశంలోనే ఉన్నారు. ఆ కథ మన కార్యకర్తలు తప్పకుండా తెలుసుకోవాలి. బాంకాక్‌లో స్తంభాల మీద నడిచే స్కైట్రెయిన్ 1999 డిసెంబర్ 5న 23 స్టేషన్లతో మొదలైంది. వాటిలో ఐదింటికే లిఫ్టులు. రైలు కట్టకముందే వికలాంగులు అడిగారు, వినలేదు. 2007లో నగరపాలక సంస్థ మీద కేసు వేశారు. 2009లో కింది కోర్టు కొట్టేసింది. పై కోర్టుకి వెళ్ళారు. 2015 జనవరి 21న అక్కడి సుప్రీం అడ్మినిస్ట్రేటివ్ కోర్టు, 23 స్టేషన్లలోనూ ఏడాదిలోగా లిఫ్టులూ ఇతర సౌకర్యాలూ పెట్టాలని తీర్పు చెప్పింది. ఏడాది గడిచింది, పని పూర్తి కాలేదు. మళ్ళీ కోర్టుకెక్కారు, ఈసారి నష్టపరిహారం కోసం. 2018 మార్చిలో అసోక్ స్టేషన్‌లో ఒక వీల్‌చైర్ ప్రయాణికుడిని, లిఫ్ట్ వాడాలంటే పుస్తకంలో సంతకం పెట్టమన్నారు. మిగతా ప్రయాణికులెవరూ సంతకం పెట్టనప్పుడు నేనెందుకు పెట్టాలని ఆయన నిరాకరించాడు. చివరికి లిఫ్ట్ దగ్గరి గాజు తలుపుని పిడికిలితో పగలగొట్టాడు. గాజు పగలగొట్టడం మంచిదా కాదా అన్న చర్చ అక్కడ చాలా జరిగింది. నాకు ముఖ్యమనిపించింది ఆ సంతకం. లిఫ్ట్ ఉండీ, దానికి తాళం ఉండీ, తాళం చెవి ఇంకొకరి చేతిలో ఉంటే అది ఇంకా పుణ్యం ఖాతాలోనే ఉన్నట్టు.

2024లో నేను వెళ్ళేసరికి ఎక్కాల్సిన స్టేషన్లలో లిఫ్ట్ ఎక్కి, ఎవరికీ ఏమీ చెప్పుకోకుండా రైలెక్కగలిగాను. చైనా బజారుకి భూగర్భ రైల్లో వెళ్ళాను. అక్కడి వాట్ మంగ్‌కోన్ స్టేషన్ 2019లో తెరిచారు, అందులో మొదటి నుంచీ లిఫ్ట్ ఉంది. లిఫ్ట్‌లో నాతోబాటు బిడ్డని బండిలో తోసుకొస్తున్న తల్లి, కూరగాయల సంచులతో ఇద్దరు ముసలమ్మలు, పెట్టెలతో విదేశీయులు. ఏళ్ళ తరబడి వికలాంగులు కొట్లాడిన ఫలితం అందరికీ అందుతోంది. స్త్రీలకైతే మరీ. ఎందుకంటే బిడ్డల్నీ, ముసలివాళ్ళనీ, సంచుల్నీ మోసుకుని తిరిగేది ఎక్కువగా స్త్రీలే. ఆ దేశపు వికలాంగుల ఉద్యమం నుంచే సావలక్ తోంగ్‌కువై వచ్చారు. వీల్‌చైర్ వాడే ఆమె, నేను ముందు చెప్పిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక అమలుని పరిశీలించే కమిటీలో 2021 నుంచి 2024 దాకా సభ్యురాలిగా పనిచేశారు.

మళ్ళీ పండుగకి వస్తాను. జెండా ఎంత ఉదారంగా ఉన్నా, పండుగ అందరి శరీరాలకీ ఉదారంగా లేదు. ఈ పండుగకి పది నియమాలున్నాయి. శుభ్రత, తెల్లబట్టలు, మాంసం, మద్యం మానడం వగైరాలతోబాటు చివర్లో మూడున్నాయి. మైలలో ఉన్నవాళ్ళు పూజలకి రాకూడదు, గర్భిణులు చూడకూడదు, బహిష్టులో ఉన్న స్త్రీలు హాజరు కాకూడదు. ఇంగ్లీషులో పర్యాటకుల కోసం అచ్చువేసిన కాగితంలో కూడా ఈ నియమాలుంటాయి. చదువుతుంటే పరాయి దేశంలో ఉన్నట్టే అనిపించలేదు. కడుపుకి తలుపు తీసిన పండుగే గర్భానికి తలుపు మూసింది.

ఉదయం పూట గుళ్ళ నుంచి ఊరేగింపులు బయల్దేరతాయి. దేవత పూనిన 'మా సోంగ్'లు బుగ్గల్లో కత్తులూ కడ్డీలూ గుచ్చుకుని నడుస్తారు. వాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే, ఆడవాళ్ళు కూడా ఉన్నారు. బాణసంచా హోరు, పొగ. పాత ఫుకెట్ ఊళ్ళో దుకాణాల ముందు నడవాలుంటాయి. ఒక్కో దుకాణం ముందు నేల ఒక్కో ఎత్తులో. త్వరగా పక్కకి తప్పుకోలేనిదాన్ని కాబట్టి, దారంగడి నడుపుతున్న ఆమె స్టూలు వేస్తే కూచుని చూశాను. ఒళ్ళు చీల్చుకున్నవాళ్ళు వస్తుంటే జనం చేతులు జోడిస్తున్నారు. ఆ చూపే నా కాలి మీదికి వచ్చేసరికి జాలిగా మారుతోంది. కావాలని తెచ్చుకున్న గాయం దైవత్వం, ఒంట్లో ఉండిపోయిన గాయం కర్మ. నేను ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేయడం లేదు. ఒక సమాజం ఏ బాధని గౌరవిస్తుంది, దేన్ని దాచిపెడుతుంది అన్నది సామాజిక శాస్త్రం అడగాల్సిన ప్రశ్న.

ఇంకొక సంగతి, గడప. అక్కడి బౌద్ధాలయాల్లో గడపలు ఎత్తుగా ఉంటాయి. గడప మీద కాలు పెట్టకూడదు, దాటి వెళ్ళాలి. చెప్పులు బయటే విప్పాలి. నా కాలిపర్ బూటుకి బిగించి ఉంటుంది, బూటు విప్పితే నిలబడలేను. ఒక ఆలయంలో ఈ సంగతి సైగలతో చెబుతుంటే కాపలా అతను తల అడ్డంగా ఊపాడు, వెనక్కి వచ్చేశాను. ఇంకో చోట తెల్లబట్టల్లో, గుండుతో ఉన్న ఒక సన్యాసిని నన్ను చూసి లోపలికి వెళ్ళి తడిగుడ్డ తెచ్చింది. కింద కూచుని నా బూటు అడుగూ, ఊతకర్ర కొనా తుడిచింది. ముంజేయి చాచి, పట్టుకుంటావా అన్నట్టు చూసి, నేను పట్టుకునే దాకా ఆగింది. ఇలాంటి స్త్రీలని అక్కడ 'మే చీ' అంటారు. మగ భిక్షువులకున్న హోదా వాళ్ళకి లేదు. స్త్రీలకి భిక్షుణి దీక్ష ఇవ్వకూడదని 1928లో అక్కడి సంఘం ఇచ్చిన ఆజ్ఞ ఉంది. ఆ ఆలయంలో తనకే పూర్తి స్థానం లేని మనిషి నన్ను గడప దాటించింది. ఆమె నన్ను అడిగి సాయం చేసింది. హోటల్ దగ్గరి సాయానికీ దీనికీ తేడా అదే.

మరుగుదొడ్ల గురించి చెప్పకుండా వికలాంగ స్త్రీ ప్రయాణం పూర్తి కాదు. పెద్ద దుకాణ సముదాయాల్లో, విమానాశ్రయంలో మాకు వీలైనవి ఉన్నాయి. పండుగ జరిగే చోట, గుడి దగ్గర, నేలబారు దొడ్లే. నేను అందులో కూచోలేను, కూచుంటే లేవలేను. అందుకని ఊరేగింపు ఉన్న రోజు పొద్దుట నుంచీ నీళ్ళు తాగలేదు. ఉక్కపోతలో ఆరు గంటలు. ఇక్కడ కూచున్న చాలామందికి ఇది కొత్త కథ కాదు. మీటింగ్ ఉన్న రోజు నీళ్ళు మానేసే అంగన్‌వాడీ టీచర్లు, బస్సు ప్రయాణాల్లో నాలుక తడుపుకోని ఆడపిల్లలు మనకి తెలుసు. వికలాంగ స్త్రీకి అది ప్రతిరోజూ.

అక్టోబర్ 11 రాత్రి దేవతల్ని సాగనంపారు. 12వ తేదీ పొద్దున, మనకి ఇక్కడ దసరా, నేను వీధిలోకి వస్తే నిన్న తిన్న బండి మీద జెండా లేదు. అదే బండి, అదే వంటామె. పెనం మీద రొయ్యలు వేగుతున్నాయి. ఆమె నన్ను గుర్తుపట్టి నవ్వింది. నేను సంచీలోంచి అట్టముక్క తీశాను.

ఆ జెండా ఎందుకు ఎగిరిందో ఆలోచిస్తే మూడు కారణాలు కనిపిస్తాయి. ఆ తొమ్మిది రోజులూ ఆ తిండి కావలసినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. దాని వెనక మతం ఉంది. అమ్మేవాళ్ళకి లాభం ఉంది. సంఖ్య, మతం, లాభం తోడున్నప్పుడు ఒక నగరం తన వంటిల్లంతా మార్చుకోగలదని ఆ పండుగ రుజువు చేస్తుంది. మార్చడం సాధ్యం కాదు, ఖర్చవుతుంది, టైము పడుతుంది అనే మాటలు అబద్ధాలని కూడా రుజువు చేస్తుంది. కానీ ఆ మూడూ తోడులేని అవసరం సంగతేమిటి? ఒక్క మనిషికే కావలసిన ర్యాంప్ సంగతేమిటి? అక్కడే హక్కు అనే మాట మొదలవుతుంది. నా లెక్కలో, అడగక్కర్లేకుండా, కారణం చెప్పుకోకుండా దొరికేది హక్కు. తొమ్మిది రోజులే కాదు, పదో రోజు కూడా దొరికేది హక్కు.

ఇప్పుడు మన సంగతి. మన చట్టాలు తక్కువేం కాదు. 1995లో ఒకటి, 2016లో దానికంటే మెరుగైనది ఇంకొకటి వచ్చాయి. 2024 నవంబర్ 8న, నేను తిరిగొచ్చిన నెలలోపే, రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. అందుబాటు ప్రమాణాలని వీలైతే పాటించే సలహాలుగా ఉంచడం చట్టవిరుద్ధమనీ, తప్పక పాటించాల్సిన కనీస ప్రమాణాలని మూడు నెలల్లో రూపొందించాలనీ కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు కోరిక మీద దేశంలోని పరిస్థితిని అధ్యయనం చేసి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం వికలాంగ అధ్యయన కేంద్రం. గడువులు ఎలా దాటిపోతాయో బాంకాక్ లిఫ్టులు మనకి చెప్పాయి. తీర్పు వచ్చాక పని మొదలవుతుంది, ముగియదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారు. అందులో స్త్రీలు 1 కోటి 18 లక్షలు. ఈ హాల్లో చుట్టూ చూడండి. మనం ఎంతమందిమి ఉన్నాం? భారతీయ స్త్రీవాదం ఎజెండాలో వికలాంగ స్త్రీలు లేరని అనితా ఘాయ్ 2002లోనే రాశారు. మా వీధిలో బతుకమ్మ ఆడేటప్పుడు వలయం పక్కన నాకు కుర్చీ వేస్తారు. పిల్లల్నీ చెప్పుల్నీ అప్పగిస్తారు. ప్రేమతోనే. మన ఉద్యమాల్లో కూడా మాకు వేసే కుర్చీ చాలాసార్లు అలాంటిదే, వలయం పక్కన.

అందుకని కొన్ని పనులు ప్రతిపాదిస్తున్నాను. మొదటిది, మన ప్రతి ఆహ్వానపత్రంలో వేదిక వివరాలు రాయాలి. మెట్లెన్ని, పట్టుకోవడానికి కడ్డీ ఉందా, లిఫ్ట్ ఉందా, మరుగుదొడ్డిలో కమోడ్ ఉందా, దాని తలుపులోంచి వీల్‌చైర్ పడుతుందా. 'ఇబ్బంది ఉండదు' అని రాయకండి, అంకెలు రాయండి. లేనివి లేవని రాయండి, రావాలో వద్దో మేం నిర్ణయించుకుంటాం. రెండోది, భోజనాల దగ్గర ప్రతి గిన్నె ముందూ అందులో ఏముందో చీటీ పెట్టాలి. వేరుశనగ పడనివాళ్ళు, షుగరున్నవాళ్ళు, గొడ్డుమాంసం తినేవాళ్ళు, అసలు మాంసం తిననివాళ్ళు ఎవరూ వడ్డించే మనిషికి తమ కథ చెప్పుకోనక్కర్లేదు. మూడోది, ఎవరైనా ఒక అవసరం చెబితే కారణం అడగొద్దు. నాలుగోది, ప్రాజెక్టు బడ్జెట్లలో సహాయకురాలి ప్రయాణ ఖర్చు, సంజ్ఞా భాష అనువాదకురాలి ఖర్చు మొదటి నుంచే రాయాలి. మిగిలితే చూద్దాం అనే పద్దు ఎప్పుడూ మిగలదు. ఐదోది, సాయం చేసే ముందు అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి.

వచ్చే సమావేశం ఏ ఊళ్ళో అన్నది ఈ సాయంత్రం తేలుస్తామన్నారు. హాలు ఖాయం చేసే ముందు అక్కడికి వెళ్ళి మెట్లు లెక్కబెట్టి, తలుపులు కొలిచి రావడానికి నేను సిద్ధం. ఇంకో ఇద్దరు ముగ్గురు తోడు వస్తే ఆ వివరాలన్నీ ఆహ్వానంతోబాటే అచ్చు వేయించవచ్చు. వచ్చేవాళ్ళు సభ అయ్యాక నన్ను కలవండి.